టీపీఎమ్ 2.0 లేదంటోందా? కొత్త పీసీ కొనేముందు ఇది చూడండి

అమరావతి నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. వాళ్ళ నాన్నగారి జిరాక్స్ షాపులో ఉన్న పీసీ విండోస్ 11కి పనికిరాదంటోందట. రిపేర్ అతను "సెక్యూరిటీ చిప్ లేదు, కొత్త సిస్టమ్ కొనాల్సిందే" అన్నాడట. ఆగు తమ్ముడూ, అప్పుడే డబ్బులు తీయకు.

టీపీఎమ్ అంటే తాళంచెవులు దాచే చిన్న లాకర్. డిస్క్‌ని బిట్‌లాకర్‌తో లాక్ చేస్తే ఆ తాళంచెవి ఇందులో ఉంటుంది. డిస్క్ ఊడదీసి వేరే పీసీకి తగిలించినా ఫైళ్ళు తెరుచుకోవు. మీ ఫోన్‌లో వేలిముద్ర కూడా ఇలాగే ఫోటోల పక్కన కాకుండా విడిగా భద్రంగా ఉంటుంది.

చాలా పీసీల్లో దీనికి విడిగా చిప్ అక్కర్లేదు, ప్రాసెసర్‌లోనే ఉంటుంది. బయోస్‌లో ఆఫ్‌లో ఉంటుంది, అంతే! విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'టీపీఎమ్ డాట్ ఎంఎస్‌సీ' అని కొట్టండి. దొరకలేదంటే బయోస్‌లోకి వెళ్ళి ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎమ్ ఆన్ చేయండి. కానీ డిస్క్ లాక్ అయి ఉంటే ముందు రికవరీ కీ రాసిపెట్టుకోండి. 'క్లియర్' అనే ఆప్షన్ జోలికి మాత్రం పోవద్దు.

అసలు పేచీ ప్రాసెసర్‌తో. కొన్ని మినహాయింపులు తప్ప ఇంటెల్ ఎనిమిదో తరం, రైజెన్ 2000 సిరీస్, ఆ తర్వాతవే కావాలి. ఐ5-8400 పాస్, ఐ5-7400 ఫెయిల్. 2017లో వచ్చిన ఈ 7400లో టీపీఎమ్ 2.0 ఆన్ చేసినా ఒప్పుకోదు. చిప్ అడగడం న్యాయమే, ఈ గీత మాత్రం నాకు నచ్చలేదు. సీఈఓ సత్య నాదెళ్ళ మన హైదరాబాదీయే, అయినా మనకేం మినహాయింపు లేదు!

రిజిస్ట్రీ ట్రిక్కులు ఉన్నాయి. కానీ అలా ఎక్కిస్తే అప్‌డేట్లకి మైక్రోసాఫ్ట్ గ్యారంటీ ఇవ్వదు. ఊళ్ళోవాళ్ళ ఆధార్, పాస్‌బుక్ కాపీలు తెరిచే షాపులో ఆ రిస్క్ నేనైతే తీసుకోను.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇళ్ళలో వాడే పీసీలకి మాత్రం 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఫ్రీ. విండోస్ అప్‌డేట్ పేజీలో 'ఎన్‌రోల్' అని కనిపిస్తుంది. షాపు పీసీ ఆఫీస్ నెట్‌వర్క్‌కి కలిపి ఉంటే ఇది వర్తించదు.

లైనక్స్ మింట్ కూడా ఉంది. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ముందు ప్రింటర్, స్కానర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. తమ్ముడూ, నీ ప్రాసెసర్ పేరు కామెంట్‌లో పెట్టు, చూసి చెప్తా.