పెరటి పాములు

తొలకరి జల్లులు పడినది మొదలు మన పెరళ్ళలో, బావిగట్ల వద్ద, గడ్డివాముల మాటున పాములు కనబడడం సర్వసాధారణం. కన్నాలలోనికి వాననీరు చేరడం వలన కొన్ని, కప్పలను వెదకుకొంటూ కొన్ని వెలుపలికి వస్తాయి. ‘పాము’ అన్న కేక వినబడగానే కఱ్ఱలు లేస్తాయి. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసిన చేతులే ఆ కఱ్ఱను అందుకొంటాయి. ఆ దెబ్బకు చచ్చేది అనేక పర్యాయాలు ఏ జెర్రిపోతో, ఏ నీరుకట్టెయో అయి ఉంటుంది.

త్రాటిని చూచి పామని భ్రమించడాన్ని గురించి వేదాంతులు చెబుతారు. ఇంటి పాముల విషయంలో మన భ్రమ రెండు విధాలు. విషం లేనిదానిని విషసర్పమని చంపడం ఒకటి. విషసర్పం కరిస్తే ఏదో పురుగు కుట్టినదని ఉపేక్షించడం రెండవది. మొదటిదానివలన పాము ప్రాణం పోతుంది. రెండవదానివలన మనిషి ప్రాణం పోతుంది.

మనకు తరచు కనబడే సాధువులను ముందు పరిచయం చేసుకొందాము. జెర్రిపోతు ఆరడుగులు దాటి పెరుగుతుంది, పట్టపగలే తిరుగుతుంది, కండ్లు పెద్దవి, గుండ్రనివి. అది నాగుపాముతో జతకడుతుందని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. అది నిజం కాదు. పెనవేసుకొని పైకి లేచే ఆ జంట సాధారణంగా రెండు మగ జెర్రిపోతులు. వాటిది సరసం కాదు, బలపరీక్ష. ధాన్యపు కొట్టులోని ఎలుకలకు జెర్రిపోతును మించిన శత్రువు లేదు.

చెరువులలో, కాలువలలో ఉండే నీరుకట్టెకు కోపం హెచ్చు. మెడను చదును చేసి నాగును తలపిస్తుంది, కరవడానికి వెనుదీయదు. దాని కాటు గీరుకొన్న గాయమే గాని, ప్రాణం తీసేది కాదు. దాని బంధువర్గంలోనే, వీపుపై తోక దాకా రెండు పసుపు చారలు గల సన్నని పాము మరొకటి ఉన్నది. వానకాలం గడ్డిలో కప్పపిల్లలను పట్టుకొని బ్రతికే ఈ పాము పరమ శాంతస్వభావి. ఉత్తర అమెరికాలో ఇండ్ల తోటలలో విరివిగా కనబడే గార్టర్ పాము దీనికి దూరపు దాయాది. మనది గ్రుడ్లు పెడుతుంది, అది పిల్లలనే కంటుంది; తక్కిన నడవడి ఇంచుమించు ఒకటే. అక్కడ కాపురమున్న మన తెలుగువారు కూడ తోటలో దానిని చూచి బెదరవలసిన పని లేదు.

ఇక అసలు చిక్కు కట్లపాముతో వస్తుంది. గోడలెక్కి బల్లులను పట్టే ఒక చిన్న విషరహితపు పాముకూ దీనికీ పోలిక దగ్గర. ఆ చిన్నదాని ఒంటి రంగు గోధుమవన్నె. కట్లు మెడవద్ద స్పష్టంగా ఉండి, తోకవైపు మాసిపోతాయి. కట్లపాము నిగనిగలాడే నలుపు. దాని సన్నని తెల్లకట్లు మెడవద్ద మసకగా ఉండి, పోనుపోను స్పష్టమౌతాయి. అయితే లాంతరు వెలుగులో ఈ విచారణ పెట్టుకోరాదు. సందేహం కలిగిన పామును విషసర్పంగానే ఎంచి దూరంగా ఉండాలి.

కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది. నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. కాటు నొప్పి తెలియకపోవచ్చు. గుర్తు కూడ కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దకట్టడం, మ్రింగుడు పడకపోవడం కనబడితే, పామును చూడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర - ఈ నాలుగింటి విషానికి విరుగుడైన సూదిమందు మన దేశంలోనే తయారౌతున్నది. మంత్రం కొరకు పోగొట్టుకొన్న గడియను ఏ మందూ తిరిగి తీసుకొనిరాలేదు. గట్టిగా కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం కీడునే చేస్తాయి. ఉంగరాలు, గాజులు, కడియాలు తీసివేసి, కరచిన అవయవాన్ని బద్దకట్టి కదలకుండా ఉంచి, రోగికి ధైర్యం చెబుతూ తరలించాలి.

2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన ఏటా సగటున 58,000 మంది మరణించినట్లు 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని 2024లో భారత ప్రభుత్వం ఒక కార్యప్రణాళికను ప్రకటించినది. అందులో గృహస్థుల పాలు కూడ ఉన్నది. ఇంటి గోడవెంట కట్టెలు, ఇటుకలు పోగువేయరాదు. మెతుకులు చల్లితే ఎలుకలు వస్తాయి. ఎలుకల వెంట పాములు వస్తాయి. రాత్రివేళ దీపం లేక పెరటిలోనికి పోరాదు. మంచంపై పడుకోవడం, దోమతెర అంచులను పరుపు క్రిందికి మడవడం చౌకైన రక్షణలు.

పెరటిలో పాము కనబడితే పిల్లలను దూరంగా నిలిపి, అది పోయే దారి విడిచిపెట్టండి. చాలవరకు అదే తప్పుకొంటుంది. ఇంటిలో చేరినదైతే అటవీశాఖవారికి గాని, పాములు పట్టడంలో శిక్షణ పొందినవారికి గాని కబురు చేయండి. పాముకాటులలో ఎన్నో, దానిని చంపబోయిన వేళనే సంభవిస్తున్నవి. కఱ్ఱ ఎత్తక దూరం పాటించిన ఇంటిలో అటు పామూ, ఇటు మనిషీ క్షేమంగా ఉంటారు.