జల ఉష



తాండూరు స్టేషనులో నాపరాతి బండలను వ్యాగనులకెక్కించుట చూచినవారికి బరువనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ బండలను ఎడ్లబండికి టన్ను చొప్పున వేసినచో, సుమారు ఎనిమిదివేల బండ్ల బరువును ఒక్క నౌక మోయగలిగెను. దాని పేరు జల ఉష. విశాఖపట్టణమున పుట్టినది. యుద్ధకాలముననే పుట్టవలసినది, పుట్టలేదు.

సింధియా కంపెనీ అధిపతి వాల్‌చంద్ హీరాచంద్ తలపెట్టిన నౌకా నిర్మాణశాలకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిరి. అప్పటికి రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండెను. జర్మను జలాంతర్గాములు సరకు ఓడలను ఒకదానివెంట నొకటి ముంచుచుండెను. ఓడలకింత కరవు వచ్చినప్పుడు దొరతనమువారు కొత్తశాలకు చేయూతనిత్తురని ఎవ్వరైనను తలతురు. కాని ఇండియాలో ఓడల మరమ్మతు జరిగిన చాలునని వారి యభిప్రాయము. ఇంతలో 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. జనులు పిల్లాపాపలతో పల్లెలకు తరలిరి. శాల పని కుంటుపడెను.

ఆ సంవత్సరమే నవంబరులో అమెరికావారు రాబర్ట్ పియరీ అను సరకు నౌకను నాలుగు దినముల పదునైదు గంటలలో కట్టి నీటికి దింపిరి. భాగములను ముందే సిద్ధపరచి అతికినదగుటచే అది కొంత పందెపు పనియే. అయినను ఆ లిబర్టీ తరగతి ఓడలనే వారు 1945 వరకు 2,710 కట్టిరి. విశాఖలో ఒక్కటియు లేదు. ఉక్కు ఎవరికి, యంత్రములు ఎవరికి అని నిర్ణయించు అధికారము పరాయివారి చేతిలో నుండెను.

యుద్ధము ముగిసిన పిదప 1946లో జల ఉషకు అడుగు దూలము పరచిరి. 1948 మార్చి 14న ప్రధాని జవహర్లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించిరి. గాంధీజీ అస్తమించి అప్పటికి నెలన్నర మాత్రమే. కొవ్వు పూసిన వాలుదారిపై నౌకను వెనుకభాగము ముందుగా నీటిలోనికి జార్చుదురు. ఆధారపు దిమ్మెలు తొలగిన పిమ్మట ఆపుట ఎవ్వరి తరమును కాదు. ఆ నిమిషము కొరకు శంకుస్థాపన నాటినుండి దాదాపు ఏడేండ్లు వేచియుండవలసి వచ్చినది. ఆ శాలయే 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు ఆయెను.

ఆ మార్చి దినమున వికారాబాదు, తాండూరు ఇంకను నిజాము ఏలుబడిలోనే యుండెను. స్వతంత్ర భారతపు తొలి నౌక నీట దిగిన ఆరు నెలలకు, సెప్టెంబరులో గాని, ఈ సీమ ఆ భారతమున చేరలేదు.