నెలనెలా ఒక మాయాద్వీపం
(దాసరి సుబ్రహ్మణ్యం స్మారకోపన్యాసం)



పిల్లలకు అద్భుత కథలు రాయాలనుకునే యువకులు ఎక్కడ కలిసినా రెండు ప్రశ్నలు వేస్తారు. కథ ఎలా తడుతుంది? తట్టిన కథను చివరిదాకా నడిపే ఓపిక ఎక్కడిది? ఈ రెంటికీ దాసరి సుబ్రహ్మణ్యం గారి పనిలో జవాబు దొరుకుతుందని నా నమ్మకం. ఓపిక పట్టి కూర్చున్నవాడి దగ్గరికే కథ వస్తుంది. అందరూ ఈ వరసను తలకిందులుగా అనుకుంటారు. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఆయన 1932లో పుట్టారు. 1952లో మద్రాసు వెళ్ళి చందమామలో చేరారు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో ప్రారంభించిన ఆ పత్రికకు అప్పటికి అయిదేళ్ళు. కొడవటిగంటి కుటుంబరావు గారు కూడా అదే ఏడాది అక్కడికి వచ్చారు. రెండేళ్ళకు, 1954లో, చందమామలో ‘తోకచుక్క’ మొదలైంది. రాసిన మనిషికి అప్పటికి ఇరవై రెండేళ్ళు అటూ ఇటూ. ఆ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. మొత్తం 12 ధారావాహికలు. వీటిలో దేనికీ పత్రికలో రచయిత పేరు లేదు. చిత్రకారుడు చిత్రా గారి బొమ్మను చూసి గుర్తుపట్టినవాళ్ళు లక్షల్లో ఉంటారు. ఆ బొమ్మ పక్కనున్న వాక్యం ఎవరిదో పాఠకులకు తెలియడానికి దశాబ్దాలు పట్టింది. ఆయన 2006 దాకా ఆ పత్రికలోనే పనిచేసి, 2010 జనవరిలో కన్నుమూశారు.

పేరు రాదని తెలిసీ ఒకడు ఇన్నేళ్ళు ఎందుకు రాస్తాడు? జీతం కోసమేనంటే సగం నిజం. జీతానికి రాసేవాడికి ‘తోకచుక్క’లోని చతుర్నేత్రుడూ ఏకాక్షీ పుట్టనక్కర్లేదు. ఒక మాంత్రికుడికి నాలుగు కళ్ళు, వాడి శత్రువుకు ఒకటే కన్ను, వాళ్ళిద్దరి మధ్య చిక్కుకున్న సేనాని సమరసేనుడు. ఇందులో చమత్కారం కళ్ళ లెక్కతో అయిపోలేదు. మాంత్రికుడు ఒక్కడే ఉంటే వాడు తలచుకున్నదల్లా జరుగుతుంది, కథ రెండు నెలల్లో చచ్చిపోతుంది. ఎదుట సమానమైన మాంత్రికుణ్ణి నిలబెడితే మంత్రానికి ఎల్లలు ఏర్పడతాయి. ఏ మంత్రమూ రాని మనిషికి బుద్ధితో బయటపడే సందు దొరుకుతుంది. ఆ సందులోనే పిల్లవాడు కథలోకి దూరి కూర్చుంటాడు.

ఇక ప్రేరణ సంగతి. అద్భుత కథ శూన్యంలోంచి ఊడిపడదు. ‘ముగ్గురు మాంత్రికులు’ చదివినవాళ్ళు అరేబియన్ రాత్రుల కథల్లోని జూదర్ కథ చదివితే పాత చుట్టాన్ని చూసినట్టు ఉంటుంది. చేపలు పట్టుకు బతికే కుర్రవాడు, వాణ్ణి పీడించే అన్నలు, సరస్సు ఒడ్డుకు వచ్చే మాంత్రికులు అందులో ఉన్నారు. సుబ్రహ్మణ్యం గారు ఆ కుర్రవాణ్ణి తెచ్చి పింగళుడని పేరు పెట్టి, మన గడ్డ మీద నడిపించారు. దీన్ని దొంగతనం అనేవాళ్ళకు కథల చరిత్ర తెలియదు. జూదర్ కథ కూడా ఎన్ని నోళ్ళు మారి అక్కడికి చేరిందో! తీసుకున్నదాన్ని తన పిల్లలకు అర్థమయ్యేటట్టు మళ్ళీ పుట్టించడం రచయిత పని.

మన దగ్గర ఈ సరుకు ఎప్పుడూ కొదవ లేదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు చూడండి. మణిసిద్ధుడు కాశీకి నడుస్తూ, వెంట వచ్చిన గోపకుమారుడికి మజిలీకొక కథ చెబుతాడు. కథ వింటేనే కుర్రవాడు మరునాడు నడుస్తాడు. దారి పొడుగు, కథ ఆ దారిని దాటించే ఉపాయం. మాసపత్రికలో ధారావాహిక కూడా ఇలాంటి నడకే. మజిలీకి బదులు నెల.

ఇంకా వెనక్కి వెళితే గుణాఢ్యుడున్నాడు. కథాసరిత్సాగరం చెప్పే కథ ఇది. ఆయన పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ తన నెత్తురుతో రాసి సాతవాహన రాజుకు పంపాడు. భాష బాగాలేదని, నెత్తుటి రాత అని రాజు తిప్పికొట్టాడు. గుణాఢ్యుడు అడవిలో నిప్పు రాజేసి, ఒక్కొక్క పత్రం చదువుతూ అందులో వేశాడు. మృగాలూ పక్షులూ మేత మాని చుట్టూ చేరి కన్నీళ్ళతో విన్నాయి. అవి చిక్కిపోయాయి, రాజుగారి వంటశాలకు వచ్చే మాంసం ఎండిపోయింది. ఎందుకని రాజు ఆరా తీసేసరికి ఆరు లక్షలు బూడిదయ్యాయి, లక్ష మిగిలింది. ప్రచురణకర్త తిప్పిపంపిన ప్రతిని చేతపట్టుకుని కుంగిపోయే రచయితలకు నేను ఈ కథ చెబుతుంటాను. అయితే కాల్చడం దగ్గర గుణాఢ్యుణ్ణి అనుసరించవద్దని కూడా చెబుతాను. వినేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు రాజసభలో లేరు, అంతే.

సుబ్రహ్మణ్యం గారి పని ఎలా సాగేదో ఆలోచిస్తే ఓపికంటే ఏమిటో తెలుస్తుంది. ధారావాహిక రచయిత అచ్చయిన భాగాన్ని దిద్దుకోలేడు. మూడో నెలలో కొండచిలువ నోట్లో నాయకుణ్ణి పెడితే నాలుగో నెలలో బయటికి తీయాలి, పిల్లలు నమ్మేటట్టు తీయాలి. పోయిన నెల సంగతి కొత్త పాఠకుడికి నాలుగు వాక్యాల్లో చెప్పాలి. పాత పాఠకుడికి విసుగు రాకూడదు. చిత్రకారుడికి ప్రతి భాగంలోనూ గీయదగ్గ ఘట్టం ఇవ్వాలి. ఇతర భాషల చందమామలకు అనువాదకులు కాచుకుని ఉంటారు. ఇన్ని ఇరుకుల మధ్య కూర్చున్నవాడికి ‘ఈ నెల మనసు బాగాలేదు’ అనే వీలు లేదు. గడువు ఊహను చంపుతుందని కొందరంటారు. ఆయన విషయంలో గడువే ఊహను తట్టిలేపింది. వచ్చే నెలకు దారి కావాలి కాబట్టి దారి దొరికింది.

ఆ ఇరుకుల్లోంచే ఆయన శిల్పం పుట్టిందని నా అభిప్రాయం. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. నాయకులు జంటగా నడుస్తారు. ఒంటరి నాయకుడు అడవిలో ఆలోచించాలి, ఆలోచన పిల్లలకు బరువు. ఇద్దరుంటే మాట్లాడుకుంటారు, వాదించుకుంటారు, ఒకడు తొందరపడితే ఇంకొకడు ఆపుతాడు. కథ సంభాషణ మీద పరుగెత్తుతుంది. బ్రహ్మదండి మాంత్రికుడి లాంటి వాళ్ళు భయపెడుతూనే నవ్విస్తారు. వాక్యాలు పొట్టివి, సమాసాలు తక్కువ. మూడో తరగతి పిల్లవాడు వేలు పెట్టి చదువుకోగలడు.

ఆటుపోట్లు లేకపోలేదు. ఈ మంత్రాల కథల మీద చక్రపాణి గారికి పెద్ద మోజు లేదని ఆ కార్యాలయం సంగతులు తెలిసినవారు చెబుతుంటారు. రాకాసిలోయ అయిపోయాక ఆ పుటల్లోకి బంకించంద్రుడి దుర్గేశనందిని వచ్చింది. తర్వాత మళ్ళీ పాతాళదుర్గంతో మన రచయితకు పిలుపు వచ్చింది. భల్లూక మాంత్రికుడి తర్వాత చందమామలో ఆయన కొత్త ధారావాహిక లేదు. అయినా ఆయన బల్ల వదిలిపోలేదు. ఎవరో పంపిన కథను సాపు చేయడం, వాక్యం సవరించడం, ప్రూఫు చూడడం, ఇదంతా ఏళ్ళ తరబడి చేశారు. పట్టుదల అంటే ఇటువంటి కనబడని పని కూడా.

మరొక సంగతి మరవకూడదు. ఆయన హేతువాది. మంత్రాలకు చింతకాయలు రాలవని తెలిసినవాడే ఇందరు మాంత్రికులను సృష్టించాడు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ఆయన కథల్లో మాంత్రికుడు సాధారణంగా దురాశతో చెడతాడు, మామూలు మనిషి ధైర్యంతో, స్నేహంతో గట్టెక్కుతాడు. పిల్లవాడు నమ్మేది మంత్రదండాన్ని కాదు, కేశవుణ్ణి. అద్భుత కథ మూఢనమ్మకాలు నేర్పుతుందని భయపడే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

కొత్తగా రాసేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఊహ తట్టేదాకా ఆగవద్దు, రోజూ ఒక వేళకు కూర్చోండి. మీ లోకంలో మంత్రం ఏం చేయలేదో ముందు తేల్చుకోండి, ఏం చేయగలదో తర్వాత చూడవచ్చు. పాత కథలు విస్తారంగా చదవండి, కాశీమజిలీలనూ బేతాళ కథలనూ మీ అవ్వ చెప్పిన కథనూ ఒకే వరసలో పెట్టి చదవండి. రాసిన భాగాన్ని పెద్దలకు చూపే ముందు ఒక పిల్లకు చదివి వినిపించండి. ‘తర్వాత?’ అని అడిగితే సాగించండి, అడగకపోతే తిరగరాయండి.

సంపాదకులకూ ప్రచురణకర్తలకూ నా విన్నపం ఒకటే. చందమామ లేదు. పిల్లల కోసం పెద్ద కథ రాసేవాడికి నెలనెలా చోటిచ్చే తెలుగు పత్రిక దొరకడం ఇవాళ కష్టం. మీ పత్రికలో, మీ ఆదివారం అనుబంధంలో ఒక అద్భుత ధారావాహికకు కనీసం ఒక ఏడాది చోటివ్వండి. రచయిత పేరు పైన వేయండి, తగిన పారితోషికం ఇవ్వండి. దాసరి సుబ్రహ్మణ్యం గారికి దక్కనిది రేపటి రచయితకు దక్కనివ్వండి. ఆయన పేరున జరిగే ఈ సభకు అంతకు మించిన ఫలితం అక్కర్లేదు.