పాత స్టీల్ సైకిల్‌కి క్రోమ్ ఎంతవరకు?

పాత స్టీల్ రేసింగ్ సైకిల్ ఫ్రేమ్ మొత్తానికి క్రోమ్ వేయించొచ్చా అని అడుగుతున్నారు. నేనైతే వద్దంటాను.

అసలు మెరుపంతా కిందున్న నికెల్‌ది. పైన క్రోమ్ చాలా పల్చటి పొర. ఆ మెరుపు రావాలంటే ముందు స్టీల్‌ని బాగా పాలిష్ పట్టాలి. మంచి రేసింగ్ ఫ్రేముల్లో ట్యూబు మధ్యలో మందం 0.5, 0.6 మిల్లీమీటర్లే! అందులోంచి అరగదీస్తే మిగిలేదెంత?

ఇంకోటి, యాసిడ్. తొట్టిలో ముంచినప్పుడు ట్యూబుల్లోకి పోతుంది. సరిగ్గా కడక్కపోతే బయట అద్దంలా మెరుస్తుంది, లోపల తుప్పు తినేస్తుంది. బాగా గట్టి స్టీల్ అయితే హైడ్రోజన్ చేరి పెళుసెక్కొచ్చు కూడా. అందుకే ప్లేటింగ్ అవ్వగానే కొన్ని గంటలు ఓవెన్‌లో వేడి చేయాలి. మీ షాపులో ఓవెన్ ఉందా, అడగండి.

పాత ఇటాలియన్ సైకిళ్లు చూడండి. చాలావాటికి ఫోర్క్ చివర్లకీ, వెనక చైన్ పక్కనుండే ట్యూబుకీ మాత్రమే క్రోమ్. చక్రం బిగించి, చైన్ తగిలి పెయింట్ లేచిపోయేది అక్కడే కదా! నా ఫ్రేమ్‌కీ అంతవరకే చేయిస్తున్నా, మిగతాదంతా పెయింటే.