గ్రౌండు గట్టున ఒక నీళ్ల కుండ

వ్యాయామ విద్యలో పట్టా అందుకుంటున్న మీ అందరికీ నా అభినందనలు.

మన కడప జిల్లా ఖాజీపేట చుట్టుపక్కల తెల్లారకముందే రోడ్డెక్కి పరుగెత్తేవాళ్లలో చాలామంది కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం తయారవుతున్న పిల్లలే. ఆ సెలక్షన్లలో మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాలి. మొన్న వేసవిలో పొద్దున ఎనిమిదైనా పరుగు ఆపని ఒక పిల్లవాడు మూడో రౌండులో కూలబడ్డాడు. నీడకు మోసుకొచ్చి తలమీద నీళ్లు పోశాం. ఒళ్లు కాలిపోతోంది, నాలుక పిడచగట్టుకుపోయింది. తేరుకున్నాక "ఏం తిన్నావు నాయనా?" అంటే, "ఏం తినలేదు సార్, పౌడరు తాగినా" అన్నాడు. సంచిలో ప్రోటీన్ పౌడరు డబ్బా చూపించాడు. వాళ్లమ్మ కూలి డబ్బులతో కొన్నదది. ఆ డబ్బుతో కొన్ని నెలలపాటు రోజుకు రెండు గుడ్లు వచ్చేవి. వంద గ్రాముల చెనిక్కాయ విత్తనాల్లో పాతిక గ్రాముల మాంసకృత్తులు ఉంటాయని ఆ బిడ్డకు చెప్పినవాళ్లు లేరు. సంగటిలోకి చెనిక్కాయల ఊరుబిండి నూరుకునే ఇంట్లో పుట్టి డబ్బా కోసం కూలి డబ్బు పోయడం నాకు బాధగా ఉంది.

పౌడర్లన్నీ మోసమని నేననను. క్రియాటిన్, కెఫీన్ కొన్ని ఆటల్లో పనిచేస్తాయని పరిశోధనలే చెబుతున్నాయి. కానీ డబ్బా మీద రాయని నిషేధిత మందు లోపల కలిసి ఉండవచ్చు. డోపింగ్ పరీక్షలో దొరికితే, తెలియక తాగానన్నా బాధ్యత ఆటగాడిదే. నిషేధం నాలుగేళ్ల దాకా పడుతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లకు నాలుగేళ్లంటే ఆటంతా పోయినట్టే.

ఇక ఎండ. కడప ఎండ మీకు నేను చెప్పాలా! 60 కిలోల మనిషి ఒంట్లోంచి 1.2 కిలోల నీరు పోతే చాలు, పరుగు మందగిస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. పరుగుకు ముందూ తర్వాతా పిల్లల బరువు తూచండి. కిలో తగ్గితే లీటరున్నర దాకా మెల్లగా తాగించండి, ఉప్పేసిన మజ్జిగైతే మరీ మంచిది. కొత్తగా వచ్చినవాళ్లను మొదటిరోజే మిట్టఎండలో పరుగెత్తించకండి. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

మన వీరపునాయునిపల్లె మండలం అమ్మాయి శ్రీచరణి 2025 మహిళల క్రికెట్ ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. ఆ కప్పు చూసి ఇప్పుడు మీ బళ్లలో ఆడపిల్లలు బంతి అడుగుతారు. అయితే వాళ్లను ఆడించేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తం తక్కువ. రెండు ఓవర్లకే ఆయాసపడే పిల్లను సోమరివని తిట్టకండి. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఆకుకూరలో నిమ్మరసం పిండుకోమనండి, అన్నం తిన్న వెంటనే టీ వద్దని వాళ్లమ్మకు చెప్పండి.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే హెడ్మాస్టరును అడిగి గ్రౌండు గట్టున చెట్టుకింద ఒక నీళ్ల కుండ, ఒక తూకం మిషను పెట్టించండి. ఇవ్వనంటే మళ్లీ అడగండి.