ఎర్రమంజిల్‌ని కూల్చారా? లేదు! మరి ఇప్పుడేం చేద్దాం?

అమీర్‌పేట్‌లో కోచింగ్ అయ్యాక ఎల్బీ నగర్ మెట్రో ఎక్కితే, పంజాగుట్ట తర్వాత ఎర్రమంజిల్ స్టేషన్ వస్తుంది కదా? ఆ పేరు ఒక ప్యాలెస్‌ది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ గుట్ట మీద కట్టించాడు. పర్షియన్‌లో 'ఇరమ్' అంటే స్వర్గం లాంటి తోట. మనకి 'ఎర్ర' అని వినిపించింది, అంతే!

2019 జూన్‌లో దాని స్థానంలో కొత్త అసెంబ్లీ కడతామని శంకుస్థాపన కూడా చేసేశారు. కొందరు కోర్టుకెళ్లారు. సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ క్యాబినెట్ నిర్ణయాన్ని కొట్టేసింది. సరే, బిల్డింగ్ మిగిలింది. దాంతో ఏం చేయాలి?

స్పెయిన్‌లో హారో అనే ఊళ్లో 1877 నాటి వైన్ కంపెనీ ఉంది, లోపెజ్ దె ఎరెదియా. 1910 బ్రస్సెల్స్ ఎగ్జిబిషన్‌కి వాళ్లు చేయించిన చెక్క స్టాల్‌ని పారేయలేదు. దాని చుట్టూ జహా హదీద్ వైన్ జార్ లాంటి కొత్త పెవిలియన్ డిజైన్ చేసింది. విజిటర్స్‌కి ఇప్పుడు అదే షాపు.

మనకి అంత ఫ్యాన్సీ అక్కర్లేదు. ముందు కప్పు, గోడలు బాగు చేయాలి. టికెట్ కౌంటర్, టాయిలెట్లు, లిఫ్ట్ పక్కన కొత్త బ్లాక్‌లో పెట్టండి. పాత గోడకి డ్రిల్లింగ్ మాత్రం వద్దు, ప్లీజ్. లోపల కోచింగ్ పిల్లలకి ఒక రీడింగ్ హాల్ పెడితే, నేనైతే రోజూ వస్తా.