కొత్త సంవత్సరం, పాత మనం



జనవరి ఒకటో తేదీన కొత్త డైరీ మొదటి పేజీలో మనం ఏం రాసుకుంటామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ‘తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాను. రోజుకు పది గంటలు చదువుతాను. టీవీ ముట్టను. తమ్ముడిమీద కోప్పడను.’ ఇది రాసింది ఎవరు? నిన్నటిదాకా ఏడున్నరకు లేచిన మనమే. ఆచరించవలసిందీ మనమే. పదిరోజులు తిరగకుండా ఆ డైరీ అటకెక్కుతుంది. పోయేది డైరీ ఒక్కటే అయితే బాధలేదు. దానితోపాటు ‘నేనింతే, నావల్ల కాదు’ అనే మాట మనసులో పాతుకుంటుంది. పరీక్షలో తప్పడం కంటే ఆ మాట ఎక్కువ నష్టం చేస్తుంది.

భిలాయిలోని సెక్టర్ 7 వైపు చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌లో ఉక్కు కర్మాగారం పక్కన, దాని ఉద్యోగుల కోసం సెక్టర్లుగా కట్టిన ఊరు అది. అక్కడ తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. రాయపూర్–విజయనగరం రైలుమార్గం ఉండడంవల్ల ఉత్తరాంధ్రతో రాకపోకలు తెగిపోలేదు. ఆ ఇళ్లలో పిల్లలకు కొత్త సంవత్సరం రెండుసార్లు వస్తుంది: జనవరి ఒకటిన, ఉగాదినాడు. భాషలు మూడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు. సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళితే ‘నీ తెలుగేమిటే, సగం హిందీ!’ అని బావలూ వదినలూ నవ్వుతారు. మాట్లాడడం వచ్చినా చదవడం రాని పిల్లలు చాలామంది. అందుకని ఏటా ఎవరో ఒకరు ‘ఈ సంవత్సరం తెలుగు మొత్తం నేర్చేసుకుంటాను’ అని రాసుకుంటారు. ఆ ‘మొత్తం’ అన్న మాట దగ్గరే పని చెడుతుంది.

ఆ పిల్లలకు కూతవేటు దూరంలోనే కర్మాగారం ఉంది. అది పెరిగిన తీరు చూడండి. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో జరిగింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. మొదట్లో అనుకున్న సామర్థ్యం ఏడాదికి 10 లక్షల టన్నులు. 1967లో అది 25 లక్షలయింది. 40 లక్షలు కావడానికి 1988 దాకా పట్టింది. ఆ తర్వాతి పెద్ద విస్తరణను 2018లో జాతికి అంకితం చేశారు. పాతది పనికిరాదని ముందే పడగొట్టి కొత్తది మొదలుపెట్టలేదు. పాత కొలుములు మండుతూ ఉండగానే పక్కన కొత్తవి లేచాయి. అన్నట్టు, బ్లాస్ట్ ఫర్నేస్‌కు జనవరి ఒకటి అంటూ లేదు. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి మండవలసిందే. డిసెంబరు 31 రాత్రి కూడా సెక్టర్లలో ఎవరో ఒకరి నాన్నగారు నైట్ డ్యూటీలోనే ఉంటారు.

భిలాయి రైలుపట్టాలకు పేరు. పట్టాల తయారీలో ఒక సంగతి మీరు తెలుసుకోదగినది. కరిగిన ఉక్కులో కొద్దిగా హైడ్రోజన్ వాయువు కలిసి ఉంటుంది. ఉక్కు గట్టిపడేకొద్దీ దానికి అందులో చోటు తగ్గిపోతుంది. పట్టాను తొందరగా చల్లారిస్తే వాయువు బయటికి పోలేక లోపలే చిక్కుకుని, సన్నని పగుళ్లు పుట్టిస్తుంది. పైకి పట్టా నున్నగా, నిగనిగలాడుతూనే ఉంటుంది. రైలు బరువు మీద పడుతున్నకొద్దీ లోపలి పగులు పెరిగి ఒకరోజు పట్టా విరుగుతుంది. అందుకే వేడి పట్టాలను మూసిన గుంతల్లో పెట్టి గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చే పద్ధతి వచ్చింది. తర్వాతి కాలంలో ఉక్కు ద్రవంగా ఉండగానే శూన్యంలో హైడ్రోజన్‌ను లాగేసే పద్ధతులు వచ్చాయి. మనిషి ఉక్కు కాదు గనుక ఈ పోలికను మరీ సాగదీయను. అయితే నిదానంగా చేయడం అంటే చేతకానితనమని అనుకునేవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

మనుషుల మీదే జరిగిన పరిశోధన ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 96 మందిని తలా ఒక చిన్న పని ఎంచుకోమన్నారు. ఒకరు ఉదయం ఫలహారం తర్వాత గ్లాసుడు నీళ్లు తాగడం, ఇంకొకరు మధ్యాహ్నం ఒక పండు తినడం, అలాంటివి. రోజూ అదే సందర్భంలో ఆ పని చేయాలి. అది ఆలోచించకుండానే జరిగిపోయే అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుందని తేలింది. కొందరికి 18 రోజులే చాలు, మరొకరికి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా. పక్కింటి అబ్బాయికి మూడు వారాల్లో కుదిరింది మీకు ఎనిమిది నెలలు పట్టవచ్చన్నమాట. ఇంకొక విషయం నాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు ఏర్పడడంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. జనవరి ఐదున నిద్ర లేవలేదని డైరీ మూసేయనక్కరలేదు.

‘ఉన్నదాన్ని ఒప్పుకుంటే పిల్లలు బద్ధకస్తులైపోరా?’ అని పెద్దల భయం. 2012లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ ఒక అధ్యయనం ప్రచురించారు. విద్యార్థులకు కష్టమైన పదాల పరీక్ష పెట్టారు. తర్వాత కొందరితో ‘ఇది చాలామందికి కష్టమే, మిమ్మల్ని మీరు మరీ నిందించుకోకండి’ అన్నారు. మరికొందరితో ‘ఇక్కడ సీటు వచ్చిందంటే మీరు తెలివైనవారే’ అన్నారు. ఇంకొందరికి ఏమీ చెప్పలేదు. రెండో పరీక్ష కోసం అందరికంటే ఎక్కువసేపు చదివింది మొదటి జట్టు. ఒప్పుకోవడం అంటే సర్దుకుని కూర్చోవడం కాదు. పొరపాటు ఎక్కడుందో చూడడానికి కావలసిన ధైర్యం దానివల్ల వస్తుంది. తిట్లు తింటున్నవాడు జవాబుపత్రం తెరిచి చూడడు, దాచేస్తాడు.

ఇప్పుడు సెక్టర్ 7 అమ్మాయి తెలుగు సంగతి. ఆమెకు ఇప్పటికే ఉన్నదేమిటి? వింటే అర్థమవుతుంది, తప్పో ఒప్పో మాట్లాడుతుంది. హిందీ చదవడం వచ్చు గనుక అచ్చులు, హల్లులు, గుణింతాల వరుస దాదాపుగా తెలుసు. కొత్తది లిపి ఒక్కటే. అమ్మమ్మగారి ఊళ్లో నవ్వులపాలైన ఆ మూడు భాషల బతుకే ఆమెకు పెట్టుబడి. అక్షరాలు 56 అనుకుందాం. వారానికి రెండు, రాత్రి అన్నం తిన్న వెంటనే పది నిమిషాలు. 28 వారాలు పడుతుంది, అంటే జూలై మధ్యకు వస్తాం. గుణింతాలు, ఒత్తులు ఆ తర్వాత. ఏదైనా వారం జ్వరం వస్తే జూలై చివరికి. మధ్యలో వేసవి సెలవుల్లో విజయనగరం రైలెక్కుతుంది కదా. ఒడిశా దాటాక స్టేషన్ బోర్డుల మీద తెలుగు కనిపిస్తుంది. అప్పటికి పార్వతీపురం పేరు పూర్తిగా చదవలేకపోవచ్చు. బొబ్బిలిలో ‘బ’, ‘ల’ మాత్రం పోలుస్తుంది.